జలుబుందని తిప్పి పంపిన పాప: తొమ్మిదో నెల టీకా రోజున నర్సు చేయాల్సిన పని (కేస్ స్టడీ)

పాప వయసు 9 నెలల 20 రోజులు. హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక బస్తీలో ఒంటిగది రేకుల ఇల్లు. తల్లిదండ్రులు పాలమూరు నుంచి వచ్చారు. తండ్రిది సెంట్రింగ్ పని, తల్లి అపార్ట్‌మెంట్లలో ఇంటి పనులు చేస్తుంది. ఆమె పొద్దున 6 గంటలకు బయల్దేరితే తిరిగి వచ్చేసరికి ఒంటిగంట. అంతసేపూ పాపా, నాలుగేళ్ల అన్నా నాయనమ్మ దగ్గరే. ఒక బుధవారం టీకాల పూట తల్లీ నాయనమ్మా కలిసి పాపను 'తొమ్మిది నెలల సూది'కి తెచ్చారు. ముక్కు కారుతోంది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది.

ఇది ఎవరో ఒక్క పాప రికార్డు కాదని ముందే చెప్పాలి. బస్తీ కేంద్రాల్లో తరచూ కనిపించే పరిస్థితులను, జరిగే పొరపాట్లను ఒక కేసుగా కూర్చి రాశాం. మోతాదులు, కొలతల హద్దులు మాత్రం మనం రోజూ వాడేవే.

ఈ వయసులో జబ్బు లేని బిడ్డను ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. టీకా రోజు ఒక్కటే బిడ్డ తనంత తానుగా మన బల్ల ముందుకొచ్చే రోజు. అందుకే ఆ పూట నర్సు పనిలో సూది వేయడం చిన్న భాగం అంటాం. పెద్ద భాగమంతా సూదికి ముందు పది నిమిషాల్లో ఉంటుంది.

కార్డు చదవడం

ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల టీకాలు, బరువులు రాసే కార్డు) అందుకోగానే 'ఈరోజు ఏం వేయాలి' అన్న గడి వైపు చూపు పోతుంది. ముందు చూడాల్సింది ఖాళీ గడులను. ఈ పాప కార్డులో పుట్టినప్పటి బీసీజీ, జీరో పోలియో, హెపటైటిస్-బి ఉన్నాయి. 7 వారాలకు పెంటా-1 (ఐదు జబ్బులకు కలిపి ఒకే సూది), పోలియో-1, రోటా-1 (రోటా వైరస్ విరేచనాలకు చుక్కలు), ఎఫ్‌ఐపీవీ-1 (చర్మంలోకి వేసే పోలియో సూది), పీసీవీ-1 (న్యుమోనియా నుంచి కాపు) పడ్డాయి. 12 వారాలకు పెంటా-2, పోలియో-2, రోటా-2 పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. 16 వారాలకు ఇంకో కేంద్రానికి తీసుకెళ్తే 'జలుబుంది, తగ్గినాక రండి' అన్నారట. జలుబు తగ్గేలోపు ఊరికి పోయారు, ఆరు నెలలు అక్కడే ఉన్నారు.

బరువు గడులు కూడా అలాగే ఉన్నాయి. పుట్టినప్పుడు 2.7 కిలోలు, 7 వారాలకు 4.1, 12 వారాలకు 5.1. తిప్పి పంపిన రోజున బరువు కూడా తూచలేదు. సూది లేకపోతే తూకమూ లేదన్నట్టు సాగే అలవాటు ఇది. ఆ రోజు తూచి ఉంటే చార్టులో బరువు గీత అడ్డంగా సాగడం మొదలైందో లేదో ఆరు నెలల ముందే తెలిసేది.

జలుబు సంగతి

చంకలో థర్మామీటర్ పెడితే 99.4 చూపింది. పాప ఏడవకుండా తల్లి ఒడిలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. 38 వచ్చింది. 2 నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకు 50, ఆపైన ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే పిల్లల్లో లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాళ్ల ఊపిరి ఒక లయలో నడవదు. డొక్కలు ఎగరడం లేదు, పాలు తాగుతోంది, కళ్లు మూతలు పడకుండా చురుగ్గా చూస్తోంది.

కాబట్టి టీకా ఆపడానికి కారణం లేదు. జలుబు, కొద్దిపాటి జ్వరం, నాలుగు నీళ్ల విరేచనాలు, యాంటీబయాటిక్ వాడుతుండటం, తక్కువ బరువు, వీటిలో ఏదీ టీకాకు అడ్డు కాదు. అసలు అడ్డంకులు తక్కువ: అదే టీకా ముందు డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉండటం, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు, రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన పిల్లలకు ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) లాంటి, బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసిన టీకాలు, పేగులో పేగు దూరిన చరిత్ర ఉంటే రోటా. 'ఎందుకొచ్చిన గొడవ, వచ్చే వారం వేద్దాం' అన్న జాగ్రత్త బిడ్డకు మేలు చేయదు. దినకూలీ వదులుకుని వచ్చిన తల్లికి ఆ వచ్చే వారం రాకపోవచ్చు. ఈ ఇంట్లో అదే జరిగింది.

తూకం, పొడవు, జబ్బ కొలత

మొదటి తూకం 6.7 కిలోలు. గులాబి రంగు చార్టులో, అంటే ఆడపిల్లల చార్టులో, 9 నెలల దగ్గర మైనస్ 2 గీత (దాని కింద పడితే తక్కువ బరువు) 6.5 దగ్గరుంటుంది. 6.7 ఆ గీతకు పైన పడుతుంది. అక్కడితో ఆగితే పాప బాగున్నట్టే కార్డెక్కేది.

కానీ పాప ఒంటి మీద స్వెటర్ ఉంది, కాళ్లకు వెండి పట్టీలు, నడుముకు మొలతాడు, తడిసిన డైపర్. తల్లి ఒప్పుకున్నంత వరకు అన్నీ తీయించారు. మొలతాడు తీయనన్నారు, సరే అన్నారు, దారం బరువెంత గనక. తూకం మీద గుడ్డ పరిచి, మీట నొక్కి సున్నా చేసి, మళ్లీ పడుకోబెట్టారు. 6.3 వచ్చింది. నాలుగు వందల గ్రాముల తేడాతో పాప మైనస్ 2 గీత కిందికి వచ్చింది. 30 వారాల్లో పెరిగింది 1.2 కిలోలు మాత్రమే.

పొడవు పడుకోబెట్టి కొలిచారు, రెండేళ్లలోపు పిల్లలకు అదే పద్ధతి. ఒకరు తల పలకకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా నొక్కి పాదాలు నిటారుగా ఉండగా జారే పలకను తగిలించాలి. తల పట్టుకునే మనిషి లేక ఒక్కరే కొలిస్తే సెంటీమీటరు అటూఇటూ అవుతుంది. 68 సెం.మీ. వచ్చింది, వయసుకు సరిపోయే పొడవే. ఎడమ జబ్బ చుట్టుకొలత, భుజానికీ మోచేతికీ నడిమధ్యన, టేపు వదులుగానూ బిగుతుగానూ లేకుండా: 12.1 సెం.మీ. 11.5 కంటే తక్కువైతే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 లోపు పసుపు, అంటే మధ్యస్థ లోపం. పొడవుకు తగ్గ బరువు పట్టికలోనూ పాప మైనస్ 2, మైనస్ 3 మధ్యలో ఉంది.

ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొడవు బాగుండి బరువు పడిపోయిందంటే లోపం పాతది కాదు. పై తిండి మొదలెట్టాల్సిన ఆరో నెల తర్వాత ఏదో తప్పింది. రెండు పాదాల పైభాగం బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా నొక్కి చూశారు. గుంట పడలేదు, వాపు లేదు. వాపుంటే జబ్బ కొలత ఎంతున్నా అది తీవ్ర లోపమే, ఆ పూటే నీలోఫర్ పిల్లల ఆసుపత్రికో, దగ్గర్లోని పిల్లల వార్డుకో పంపాలి.

ఎదుగుదల త్వరగా చూశారు. ఆసరా లేకుండా కూర్చుంటోంది, వస్తువును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటోంది, పేరు పిలిస్తే తిరుగుతోంది, నర్సును చూసి తల్లి మెడ గట్టిగా పట్టుకుంది. అనుమానించడానికేమీ లేదు.

తిండి: ఎవరిని అడగాలి

'పాపకు అన్నీ పెడుతున్నారా?' అని తల్లిని అడిగితే 'పెడుతున్నం మేడం' అంటుంది. ఆ ప్రశ్నకు వేరే జవాబు రాదు. పెట్టే చేయి నాయనమ్మది కాబట్టి ఆమెనే, నిద్ర లేచినప్పటి నుంచి వరసగా అడగాలి.

"అవ్వా, పొద్దుగాల లేవంగనే పాపకేం పెడ్తున్నవ్?"

"చాయ్‌ల బిస్కట్ ముంచి పెడ్త బిడ్డా. మంచిగ తింటది."

"ఎన్ని తింటది?"

"రెండు, మూడు. మళ్ల పదిగొట్టంగ అన్నంల పప్పు మీది తేట పోసి పిసికి పెడ్త. నాలుగు బుక్కలు తిని మొఖం తిప్పుతది."

"అంగన్‌వాడీ బాలామృతం వస్తలేదా?"

"వస్తది. పెద్దోడు గూడ తింటడు గద. వానికి పెట్టకుంటె ఏడుస్తడు."

కేసంతా ఈ మూడు జవాబుల్లోనే ఉంది. చాయ్ బిస్కెట్ ఆకలిని చంపుతుంది, చాయ్‌లోని వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పప్పు తేటలో పప్పు ఉండదు. బాలామృతం, అంటే అంగన్‌వాడీ ఇచ్చే పోషక పిండి, ఇద్దరికి పోతోంది. నెలకు వచ్చే 2.5 కిలోల ప్యాకెట్ రోజుకు 100 గ్రాముల లెక్కన ఒక్క బిడ్డకు 25 రోజులకే సరిపోతుంది. ఇక్కడ నాయనమ్మ ప్రేమలో లోటేమీ లేదు. ఆమెను తప్పుపట్టినట్టు మాట్లాడితే మళ్లీసారి నిజం చెప్పదు.

చెప్పినవి నాలుగే. చాయ్ బంద్. తేట కాదు, అడుగు నుంచి గంటెతో తీసిన ముద్దపప్పు, అందులో చెంచాడు నూనెగానీ నెయ్యిగానీ. గిన్నె వంచితే జారిపోకుండా చెంచా మీద నిలిచేంత చిక్కగా ఉండాలి. 250 మి.లీ. గిన్నెలో సగం, రోజుకు మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు సార్లు అరటిపండో గుడ్డో. అంగన్‌వాడీ గుడ్లు నెలకు 16 వస్తాయి, అవి పాపవే. నాలుగేళ్ల బాబును అంగన్‌వాడీకి పంపితే వాడి భోజనం, గుడ్డు అక్కడే దొరుకుతాయి, అప్పుడు పాప ప్యాకెట్ పాపకు మిగులుతుంది. ఈ చివరి మాటే అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. తల్లిపాలు ఆపొద్దని, పని నుంచి రాగానే, రాత్రిపూట ఇవ్వాలని తల్లికి చెప్పారు. చిక్కదనం నోటితో చెప్పడం కంటే చూపడం మేలు. కేంద్రంలో ఉన్న బాలామృతం పొడిని గోరువెచ్చని నీళ్లతో కలిపి, చెంచా తిరగేసి చూపించారు.

రక్తం

కనురెప్పల లోపల, అరచేతుల్లో తెల్లదనం కనిపించింది. డిజిటల్ మీటరుతో హిమోగ్లోబిన్ చూశారు. పాప ఇంకా నడవడం లేదు, 10 కిలోలు లేదు, కాబట్టి మడమ పక్క భాగంలో పొడిచారు, నడిమధ్యన కాదు. మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకున్నారు. పిండితే కణజాలంలోని నీరు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. మడమ చల్లగా ఉన్నప్పుడు నర్సులు తొందరలో చేసే పొరపాటు ఇదే, ముందు మడమను వెచ్చటి గుడ్డతో నిమిషం చుట్టి ఉంచితే పిండే అవసరమే రాదు.

9.2 వచ్చింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 7 నుంచి 9.9 వరకు మధ్యస్థ రక్తహీనత. మెడికల్ ఆఫీసర్ రోజుకు కిలోకు 3 మి.గ్రా. చొప్పున ఇనుము రాశారు. 6.3 కిలోలకు సుమారు 19 మి.గ్రా. ఐఎఫ్‌ఏ (ఇనుము, ఫోలిక్ యాసిడ్) సిరప్ ఒక మి.లీ.లో 20 మి.గ్రా. ఇనుము ఉంటుంది, కాబట్టి రోజుకు 1 మి.లీ., రెండు నెలలు. లోపం లేని పిల్లలకు ఇదే సిరప్ వారానికి రెండుసార్లే ఇస్తాం. ఈ తేడాను కార్డు మీద ఎర్ర సిరాతో రాయకపోతే ఆశా కార్యకర్త పాత లెక్కే చెప్పి వస్తుంది. జలుబు, వెచ్చదనం తగ్గిన మూడో రోజు నుంచి మొదలుపెట్టమన్నారు. పాలతో కలిపి ఇవ్వొద్దు. దొడ్డికి నల్లగా వస్తుంది, భయం లేదు.

టీకాలు: ఏది, ఎక్కడ, ఏ వరసలో

ఆ పూట బాకీ ఉన్నవన్నీ ఇచ్చారు. నోటి చుక్కలు ముందు, బిడ్డ ఏడుపు మొదలయ్యేలోపే: రోటా-3, పోలియో-3 రెండు చుక్కలు. రోటా మొదటి డోసు ఏడాదిలోపు పడింది కాబట్టి మిగతావి పూర్తి చేయొచ్చు. తర్వాత సూదులు నాలుగు. ఎడమ జబ్బకు ఎఫ్‌ఐపీవీ-2, చర్మంలోకి 0.1 మి.లీ. కుడి జబ్బకు ఎంఆర్-1, చర్మం కిందికి 0.5 మి.లీ. ఎడమ తొడకు పెంటా-3, కుడి తొడకు పీసీవీ-2, రెండూ కండరంలోకి 0.5 మి.లీ. చొప్పున.

'ఒక్కసారే నాలుగు సూదులా?' అని తల్లి భయపడింది. నాలుగూ వేరే వేరే చోట్ల వేస్తాం, ఒకదానికొకటి అడ్డురావు, విడగొడితే పాప ఇంకో రెండు సార్లు ఏడవాలి, మీరు ఇంకో రెండు పూటల కూలీ వదులుకోవాలి అని చెప్పారు. ఒప్పుకుంది.

ఎఫ్‌ఐపీవీ దగ్గర చేయి తొందరపడకూడదు. చర్మాన్ని బిగించి, సూది మొన తెరుచుకున్న వైపు పైకి ఉంచి, దాదాపు చర్మానికి సమాంతరంగా పోనివ్వాలి. మందు ఎక్కుతుంటే నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా చిన్న ఉబ్బు లేవాలి. లేవలేదంటే సూది లోతుకు పోయింది. ఈ నగరంలో ఈ సూదికి ప్రత్యేకమైన గుర్తుంది. 2016 ఏప్రిల్‌లో దేశమంతా పోలియో చుక్కల్లోంచి టైప్-2 (పోలియో వైరస్‌లో ఒక రకం) తీసేశాక, అంబర్‌పేట మురుగునీటి నమూనాలో టీకా నుంచి మారిన టైప్-2 వైరస్ బయటపడింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇదే 0.1 మి.లీ. డోసు వారంలో వేశారు. చుక్కల్లో ఇప్పుడు టైప్-2 లేదు, దాని నుంచి కాపు ఈ చిన్న ఉబ్బే. ఈ పాప ఒక్క డోసుతో తొమ్మిది నెలలు దాటేసింది.

ఎంఆర్ వయల్ (మందు సీసా) ఒక్క బిడ్డ కోసమైనా తెరవాలి. 'ఇంకో నలుగురొస్తే తెరుద్దాం' అని కూర్చోబెట్టకూడదు. దాని సొంత డైల్యూయెంట్‌తోనే (పొడి మందును కలిపే ద్రవం) కలపాలి, అది కూడా వ్యాక్సిన్ అంత చల్లగా ఉండాలి. కలిపిన గంట, నిమిషం వయల్ మీదే రాయాలి. 4 గంటలు దాటినా, సెషన్ ముగిసినా పారేయాలి. ఆ వయల్‌లో క్రిములను ఆపే మందు ఉండదు, పాతబడిన ఎంఆర్ బిడ్డల ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. పెంటా, పీసీవీ, పోలియో తెరిచినవి మాత్రం తేదీ రాసి, శుభ్రంగా, సరైన చల్లదనంలో ఉంటే 28 రోజుల దాకా వాడొచ్చు.

మన ఎండల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. వేడికి వ్యాక్సిన్ పాడవుతుందని ఫ్రీజర్లోంచి తీసిన రాయిలాంటి ఐస్‌ప్యాక్‌లను నేరుగా వ్యాక్సిన్ క్యారియర్‌లో పెడతారు. వాటికి ఆనుకుని పెంటా, పీసీవీ గడ్డకట్టేస్తాయి. గడ్డకట్టిన పెంటా కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. పైగా వయల్ మీది వీవీఎం గుర్తు వేడిని చూపుతుంది గానీ గడ్డకట్టడాన్ని చూపదు. ప్యాక్ పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే నాలుగు ప్యాక్‌లనూ క్యారియర్‌లో అమర్చాలి.

పాపను బల్ల మీద పడుకోబెట్టలేదు. తల్లి ఒడిలో, ఛాతీకి హత్తుకుని, కాళ్లు తల్లి తొడల మధ్య. సూది వేసిన చోట రుద్దలేదు, దూదితో ఒత్తారు. వెంటనే పాలు పట్టించారు. చివర్న విటమిన్-ఏ 1 మి.లీ., అంటే లక్ష యూనిట్లు, ప్యాకింగ్‌తో వచ్చే చెంచాతో కొలిచి. చిన్న సీసాలోంచి అందాజుగా పోయడం తప్పు. రెండో డోసు నుంచి 2 మి.లీ.

అరగంట, ఆపైన మూడు రోజులు

30 నిమిషాలు కూర్చోబెట్టారు. ఎమర్జెన్సీ కిట్‌లో తీవ్రమైన అలర్జీ వస్తే వేసే అడ్రినలిన్ 1:1000 ఉంది. ఏడాదిలోపు బిడ్డకు 0.05 మి.లీ., తొడ కండరంలోకి. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో అది 2 గీతలు. అదే 100 యూనిట్ల సిరంజి చేతికొస్తే 2 గీతల్లో సగం మందు కూడా రాదు. కిట్‌లో ఏ సిరంజి పెట్టారో సెషన్‌కు ముందే చూసుకోవాలి, బిడ్డ నీలంగా మారాక కాదు.

జ్వరానికి పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. లోపు. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే ఈ పాపకు 3.5 మి.లీ., ఆరు గంటల ఎడంతో, అవసరమైతేనే. నర్సు అడిగిన ప్రశ్న ఇంట్లో ఏ సీసా ఉందని. తల్లి ఫోన్‌లో ఫొటో చూపింది. అది డ్రాప్స్, ఒక్క మి.లీ.లో 100 మి.గ్రా. దాన్ని 3.5 మి.లీ. పోస్తే నాలుగింతలవుతుంది. డ్రాప్స్ వాడితే 0.9 మి.లీ. దాటొద్దని డ్రాపర్ మీద గీత చూపించి, సీసా మీద రాసుకోమన్నారు. మోతాదు చెప్పేముందు సీసా చూడకుండా ఏ తల్లినీ పంపకూడదు.

నాలుగు మాటలు చెప్పారు: ఈరోజు ఏ జబ్బులు రాకుండా ఏ టీకాలు వేశాం, ఏం రావచ్చు (తొడ గట్టిపడటం, జ్వరం, ఎంఆర్ వల్ల వారం పది రోజులకు ఒంటి మీద చిన్న దద్దు), మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు పోగొట్టుకోవద్దు, ఊరికి పోయినా వెంట తీసుకెళ్లాలి. తిరిగి చెప్పమంటే నాయనమ్మ మూడు చెప్పింది, దద్దు సంగతి మర్చిపోయింది. దాన్ని మళ్లీ చెప్పారు.

టీకాలు నమోదు చేసే యు-విన్ పోర్టల్‌లో ఉన్న ఫోన్ నంబరు తండ్రి పాత సిమ్‌ది. మెసేజ్‌లు ఎక్కడికి పోయాయో అప్పుడర్థమైంది. తల్లి నంబరు, రెండోదిగా ఇంటి ఓనర్ నంబరు చేర్చారు.

తర్వాత

పదో రోజున ఆశా ఇంటికి వెళ్తే చాయ్ ఆగింది, బాబు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. ఇనుము మందు మాత్రం రెండు రోజులిచ్చి ఆపేశారు. నల్లటి దొడ్డి చూసి నాయనమ్మ బెదిరింది. కేంద్రంలో చెప్పాం కదా అనిపిస్తుంది. కానీ ఆ పూట ఆమె విన్నవి పదిహేను సంగతులు. నర్సు ఫోన్‌లోనే మాట్లాడి మళ్లీ మొదలుపెట్టించారు. అందుకే ఇనుము మొదలెట్టిన బిడ్డను మొదటి వారంలోనే కలవాలి, నెల ఆగితే సీసా నిండుగానే తిరిగొస్తుంది.

4 వారాలకు బరువు 6.7, జబ్బ 12.4. 8 వారాలకు 7.2 కిలోలు, జబ్బ 12.8, హిమోగ్లోబిన్ 10.4. జబ్బ పసుపు దాటింది, బరువు మైనస్ 2 గీత పైకి వచ్చింది. రక్తం ఇంకా 11కు చేరలేదు, సిరప్ కొనసాగించమన్నారు. ఇంకో నెలకూ పెరగకపోతే తలసీమియా లాంటివి చూడ్డానికి పెద్దాసుపత్రికి పంపాలని మెడికల్ ఆఫీసర్ రాసిపెట్టారు. 8 వారాల ఎడం నిండింది కాబట్టి అదే రోజు పీసీవీ బూస్టర్ వేశారు. మూడో ఎఫ్‌ఐపీవీ తేదీని మెడికల్ ఆఫీసర్ చేత కార్డు మీదే రాయించారు. ఏడాది దాటాక నులిపురుగుల మాత్ర సగం, అంటే 200 మి.గ్రా., పొడి చేసి ఇవ్వాలి. 16 నెలలకు ఎంఆర్-2, డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్, విటమిన్-ఏ రెండో డోసు.

దసరాకు ఊరికెళ్తామని తల్లి చెప్పింది. కార్డును పాలిథిన్ కవర్లో పెట్టి, ఊళ్లో కూడా ఏ బుధవారమైనా శనివారమైనా చూపించొచ్చని చెప్పి, నెలనెలా బరువు రాయించుకోవాల్సిన ఖాళీ గడులను నాయనమ్మకు వేలితో చూపించి ఇచ్చారు.